కురవి వీరన్న మొక్కు, సర్కారు ముల్లె

2017 ఫిబ్రవరి 24, మహాశివరాత్రి. అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు కురవికి వచ్చి వీరభద్రస్వామికి బంగారు కోరమీసాలు సమర్పించారు. రాష్ట్రం సిద్ధిస్తే చేయిస్తానని ఉద్యమ రోజుల్లో మొక్కుకున్న మొక్కు అది. అంతకు రెండు రోజుల ముందే తిరుమల వెంకన్నకు సాలగ్రామ హారం, కంఠాభరణం ఇచ్చి వచ్చారు. వాటి విలువ 5 కోట్ల రూపాయల పైమాటే. 2016 అక్టోబర్‌లో, దసరా రోజుల్లో, వరంగల్ భద్రకాళి అమ్మవారికి బంగారు కిరీటం పెట్టించారు. ఈ నగల పక్కన కురవి మీసాల ఖర్చు లెక్కలోకి రాదు, లక్ష రూపాయలకు లోపే తేలింది. అయినా దేశమంతా మాట్లాడుకున్నది ఆ మీసాల గురించే. టీవీల్లో అదొక వింతగా చూపించారు. కురవి సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు.

ఇక్కడి దేవుడు కోరమీసాల వీరన్న. మహబూబాబాద్ నుంచి మరిపెడ దారిలో ఎవరినడిగినా ఆ పేరుతోనే చెబుతారు. ఈ చుట్టుపక్కల ఇంటికో వీరన్న, వాడకో వీరభద్రం కనిపిస్తారు. పిల్లలు కలగాలని, బోరులో నీళ్లు పడాలని, కోర్టు కేసు తెమలాలని మొక్కుకుంటారు. అనుకున్నది జరిగితే శివరాత్రి జాతరకు వచ్చి మీసాలు చెల్లిస్తారు. ఉన్నవాళ్లు బంగారంతో చేయిస్తారు, లేనివాళ్లు వెండి రేకుతో సరిపెట్టుకుంటారు. పలుచని ఆ రేకును పసుపు రాసిన గుడ్డముక్కలో చుట్టి, కొంగుముడిలో భద్రంగా పెట్టుకుని, మిరపతోట కూలికి పోయి కూడబెట్టిన పైసలతో తండా నుంచి నడిచొచ్చిన అవ్వ వరుసలో నిలబడుతుంది. తన వంతు వచ్చేదాకా ముడిని రెండుమూడు సార్లు తడిమి చూసుకుంటుంది. పూజారి చేతికి ఇచ్చేటప్పుడు ఇంటిపేరు, పిల్లవాడి పేరు గట్టిగా చెబుతుంది. ఎవరి మొక్కు ఎవరిదో దేవుడికి పొరపాటు పడకూడదని ఆమె పట్టుదల.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ పట్టుదలలోనే ఉంది. మొక్కుకున్నవాళ్లే మొక్కు తీర్చాలి, తమ కష్టార్జితంతో తీర్చాలి. ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుగా ఉంచాలన్న మాట ఢిల్లీ నుంచో విదేశాల నుంచో వచ్చిందని, దేవుడంటే గిట్టనివాళ్ల మాట అని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. కురవి జాతరలో వరుసలో నిలబడ్డ ప్రతి భక్తుడూ ఆ మాటను ఎప్పటి నుంచో ఆచరిస్తూనే ఉన్నాడు.

ముఖ్యమంత్రికి మొక్కుకునే హక్కు లేదని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఆయన భక్తిని శంకించడం కూడా నా పని కాదు. 2015 డిసెంబర్‌లో ఎర్రవల్లిలోని తన వ్యవసాయ క్షేత్రంలో ఆయన అయుత చండీయాగం చేశారు. అది తన క్షేత్రంలో తాను చేసుకున్నది. నగల సంగతి వేరు. మొక్కుకున్నది ఒక ఉద్యమ నాయకుడు, చెల్లించింది ప్రభుత్వం. దీని మీద ప్రశ్నలు రేగినప్పుడు ప్రభుత్వ వర్గాలు ఒక సమాధానం చెప్పాయి: ఇది ఖజానా సొమ్ము కాదు, దేవాదాయ శాఖ దగ్గరుండే సర్వశ్రేయోనిధి నుంచి ఇచ్చాం.

ఆ నిధి సంగతి కొంచెం చూడాలి. 1987 నాటి దేవాదాయ చట్టంలోని 70వ సెక్షన్ కింద అది ఏర్పడింది. రాబడి ఉన్న గుళ్లు తమ ఆదాయంలోంచి వాటా కడితే ఆ డబ్బు ఒకచోట చేరుతుంది. పేద గుళ్లను, కూలిపోతున్న గుళ్లను ఆదుకోవడం దాని ముఖ్య ఉద్దేశం. అంటే వేములవాడలోనో కొండగట్టులోనో హుండీలో పడ్డ పది రూపాయల నోటు, దీపానికి నూనె లేని మారుమూల గుడికి చేరాలని చట్టం అనుకుంది. మన రాష్ట్రంలో అలాంటి గుళ్లకు కొదవలేదు. ధూప దీప నైవేద్య పథకం కింద చిన్న గుడికి నెలకు ఇచ్చే మొత్తం 6,000 రూపాయలుండేది, దాన్ని 2023లో 10,000 చేశారు. పూజా సామగ్రి, నైవేద్యం, అర్చకుడి కుటుంబ పోషణ అన్నీ ఆ 10,000లోనే జరగాలి. ఇట్లాంటి గుళ్ల కోసం పుట్టిన నిధిలోంచి, ఆదాయంలో దేశంలోనే పేరుమోసిన తిరుమలకు 5 కోట్ల నగలు వెళ్లాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని మన పెద్దలు అన్నది ఇట్లాంటి చోటనే. ఇక్కడ అన్యాయం జరిగింది భక్తులకే.

ఆచార్య కంచ ఐలయ్య తదితరులు ఈ విషయం మీద 2017లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దానికి వచ్చిన స్పందన చూస్తే మన సమాజం తీరు అర్థమవుతుంది. నిధి సంగతి, సెక్షన్ సంగతి పక్కకు పోయాయి. అడిగినవాళ్ల కులమేమిటి, మతమేమిటి, వేరే మతం వాళ్ల మీద ఇట్లాగే కేసు వేస్తారా అన్న మాటలే ముందుకొచ్చాయి. పెద్ద పేరున్న ఆచార్యుడికే ఆ మాటలు తప్పలేదు. మండల కేంద్రంలో కిరాణా కొట్టు నడుపుకునే మనిషి నోరు విప్పితే ఏమవుతుంది?

కురవి వాళ్లు అసహనపరులని నేను అనడం లేదు. ఈ మండలంలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, లంబాడీలు పక్కపక్కనే పొలాలు చేసుకుంటున్నారు, ఒకరి పెళ్లికి ఒకరు కట్నాలు చదివిస్తున్నారు. ఏ చిన్న ఊరికైనా ఉండే బిగువు గురించే నా మాట. నగరంలో ఒక మాట అని ఇంటికొచ్చి తలుపేసుకోవచ్చు. చిన్న ఊళ్లో మాట అన్నవాడే రేపు పొద్దున పాల కేంద్రం దగ్గర, మధ్యాహ్నం బ్యాంకు దగ్గర అదే జనానికి ఎదురుపడాలి. చందా పుస్తకంలో నీ పేరు ఎదుట ఎంత రాసి ఉందో వీధి అంతటికీ తెలుసు. సర్కారు బడిలో ఒక మతం పూజ జరిపిస్తున్నారేమని అడిగితే మొదటి ప్రశ్న ‘నీకు దేవుడంటే పడదా?’ అని వస్తుంది. రెండోది ఇంకా మెల్లగా వస్తుంది, ‘నువ్వు వాళ్ల మతంలో కలిసినవా ఏంది?’ అని. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనరు. పిలుపులు తగ్గుతాయి, అరువు ఆగిపోతుంది, కూతురి సంబంధం దగ్గర ఎవరో ఒకరు ఒక మాట వేస్తారు. కొట్టేవాళ్లు, తిట్టేవాళ్లు లేకుండానే మనిషి నోరు మూతపడుతుంది.

మన రాజ్యాంగం ఈ విషయంలో అంత గట్టి గోడ కట్టలేదన్న నిజమూ ఒప్పుకోవాలి. ఒక ప్రత్యేక మతాన్ని పెంపొందించడానికి కేటాయించే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణం చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే మిగతా సంస్థల్లోనూ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని పూజలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని కూడా అదే అధికరణంలో ఉంది. అయితే 2011లో హజ్ రాయితీ కేసులో సుప్రీంకోర్టు ఒక వివరణ ఇచ్చింది. వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి మళ్లితేనే 27వ అధికరణం ఉల్లంఘన అవుతుందని, కొద్ది భాగం అయితే కాదని తేల్చింది. అదే ఏడాది గుజరాత్‌లో హైకోర్టు భవనానికే భూమిపూజ చేయడాన్ని ప్రశ్నించిన ఒక దళిత కార్యకర్త పిటిషన్‌ను అక్కడి హైకోర్టు కొట్టేసింది, పైగా 20,000 రూపాయలు కట్టమంది. పదమూడేళ్ల తర్వాత, 2024 మార్చిలో, పుణె జిల్లాలో కోర్టు భవన శంకుస్థాపనకు వచ్చిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అభయ్ ఓకా, కోర్టు కార్యక్రమాల్లో పూజలు మాని రాజ్యాంగ పీఠికకు నమస్కరించి పని మొదలుపెడదామని సూచించారు. గుజరాత్‌లో ఒక మామూలు మనిషికి జరిమానా తెచ్చిన మాటా, పుణెలో న్యాయమూర్తి వేదిక మీద నుంచి అన్న మాటా దాదాపు ఒకటే. ఆ మామూలు మనిషి ముందు అనకపోతే మాట అక్కడిదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

ఖజానా జోలికి పోకుండా గుడి కట్టుకోవాలన్న మాట గాంధీ కూడా అన్నాడు. సోమనాథ్ గుడిని తిరిగి కట్టాలని 1947 నవంబర్‌లో నిర్ణయమైనప్పుడు, ప్రభుత్వ డబ్బు పైసా వాడకూడదని, జనం ఇచ్చిన చందాలతోనే కట్టాలని ఆయన ప్రార్థన సభలోనే చెప్పాడు. పటేల్ ఆ మాటకు ఒప్పుకున్నాడు. చందాలతో ట్రస్టు పెట్టి గుడి కట్టారు. గాంధీ కంటే భక్తుడు, పటేల్ కంటే గుడి కట్టాలన్న పట్టున్నవాడు మన నాయకుల్లో ఎవరున్నారు? వాళ్లకు అడ్డు రాని భక్తి మనకు ఎందుకు అడ్డొస్తున్నది?

కురవికి కూతవేటు దూరంలోనే దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. డోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ అది. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన అజరయ్య 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని చూస్తే మసీదు గుమ్మటాలు, దేవాలయ మంటపపు స్తంభాలు కలిసి కనిపిస్తాయి. ఆ డయోసిస్‌లో విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వండే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేసి ఉంచడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. నెలకో, వారానికో ఆ కుండ గుడికి చేరేది. పూట గడవని ఇంట్లో పిడికెడు బియ్యం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తమ సంఘం తమ కాళ్ల మీద నిలబడాలని అజరయ్య పట్టుబట్టాడు. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం ముందుకొస్తే, తన మతం వాళ్లకు లాభమని తెలిసి కూడా, వాటిని వద్దన్నాడు. సంఘం ఓట్ల మూటగా మారితే దాని ఆత్మ పోతుందన్నది ఆయన భయం. అప్పటి డోర్నకల్, కురవి రెండూ నిజాం రాజ్యంలోవే. పాలకుడి మతానికి పాలనలో బరువు ఎంత ఉంటుందో ఆ తరానికి అనుభవమే.

ఇంత చెప్పాక ఎదుటివాళ్ల బలమైన వాదనకు జవాబు చెప్పకపోతే అన్యాయం. అందరికీ ఇస్తున్నాం కదా, గుడికి నగలు, రంజాన్‌కు దావత్, క్రిస్మస్‌కు విందు, ఇందులో పక్షపాతం ఏముంది అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కూడా ఇచ్చారు. ఇది వినడానికి బాగుంటుంది. కానీ అందరికీ పంచడం అంటే, గట్టిగా అడగగల వాళ్లకు పంచడమే అవుతుంది. తండాలో సేవాలాల్ గుడి దగ్గర దీపం పెట్టుకునే కుటుంబం, ఏ దేవుడినీ కొలవని కుటుంబం ఈ పంపకంలో ఎక్కడా లెక్కకు రావు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నెల నెలా సర్కారు సొమ్ము తీసుకునే పూజారి గాని, ఇమాం గాని, పాస్టర్ గాని ఊళ్లో భూమి గొడవో ఇసుక దందానో వచ్చిన రోజు పాలకుడి ముందు నిలబడి ఇది తప్పు అని అనగలడా? ధర్మం చెప్పవలసిన నోటికి జీతం కట్టేస్తే ఆ నోరు ఎవరి మాట చెబుతుంది?

మతం వైపు నుంచి ఈ ప్రశ్న వేసినవాళ్లూ మన దగ్గర ఉన్నారు. చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. ఆ గుడి అర్చకులు ఎం.వి. సౌందరరాజన్, ఆయన కొడుకు రంగరాజన్ దేవాదాయ శాఖ పెత్తనం మీద ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. గుళ్లను సర్కారు ఎందుకు నడపాలి అన్న వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. భూములు మాయం కాకుండా, దళితులను గడప దాటనివ్వని గుళ్ల తలుపులు తెరిపించడానికి ప్రభుత్వం లోపలికి వచ్చిందన్న చరిత్ర కూడా నిజమే. దీనికి తేలికైన పరిష్కారం ఉందని నేను చెప్పలేను. రంగరాజన్ మాత్రం తన వంతు చేసి చూపించాడు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడలో ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎత్తుకుని గుడిలోకి తీసుకెళ్లాడు. 2025 ఫిబ్రవరి 7న రామరాజ్యం పేరు చెప్పుకుని వచ్చిన ఒక గుంపు ఆయన ఇంటి మీద పడింది. తమ సైన్యానికి మనుషుల్ని చేర్పించమని, డబ్బు సాయం చేయించమని అడిగి, ఆయన ఒప్పుకోకపోతే కొట్టింది. రాజ్యం చేతిలోకి మతం పోయినా, మతం పేరు చెప్పి రాజ్యం కడతామనేవాళ్లు వచ్చినా, దెబ్బలు తినేవాళ్లలో పూజారి కూడా ఉంటాడు.

2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర ఒక మిషనరీ బడి మీద జరిగిన దాడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన పిల్లల గురించి ప్రిన్సిపాల్ అడిగారన్న మాట బయటికి పొక్కగానే గుంపు లోపలికి చొరబడింది. అద్దాలు పగిలాయి, బడి బాధ్యుణ్ణి కొట్టారు. పిల్లల యూనిఫాం గురించి బడివాళ్లూ తల్లిదండ్రులూ కూర్చుని మాట్లాడుకుంటే పది నిమిషాల్లో తేలే విషయం అది. దీక్షలో ఉన్న పిల్లవాడికి ఆ కొద్ది రోజులు సడలింపు ఇవ్వమని ఆ బడికి ఎవరైనా చెప్పవచ్చు, నేనైతే చెప్పేవాణ్ణి. రాళ్లు పట్టుకుని వచ్చినవాళ్లు ఆ మాట చెప్పడానికి రాలేదు.

ప్రశ్నించినవాళ్ల మీద ఊరి ఒత్తిడి మన దగ్గరే ఉందని అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షాంపేన్ అనే ఊళ్లో వాష్టి మెక్‌కాలమ్ అనే తల్లి, సర్కారు బడిలో బడివేళల్లోనే మతపాఠాలు చెప్పడం మీద కోర్టుకు వెళ్లింది. కొడుకును బళ్లో ఏడిపించారు, ఆమె ఉద్యోగం పోయింది. 1948లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మన గోరా కథ అంతకు ముందుదే. గోపరాజు రామచంద్రరావు తన నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత మచిలీపట్నంలోనూ ఉద్యోగం నిలవలేదు. చివరికి 1940లో కృష్ణా జిల్లా ముదునూరు అనే పల్లెలో నాస్తిక కేంద్రం పెట్టాడు. కాలేజీలు భరించలేని మనిషిని ఒక పల్లె తనలో ఉండనిచ్చింది. చిన్న ఊళ్లంటే బిగువు మాత్రమే ఉంటుందనుకునేవాళ్లు ముదునూరును గుర్తుపెట్టుకోవాలి.

ఇటీవల గెలిచిన పోరాటం కూడా చిన్న ఊరిదే. వనపర్తి జిల్లా కొత్తకోటలో ఒక జంట తమ బిడ్డ జనన ధ్రువపత్రంలో కులం లేదు, మతం లేదు అని రాయమన్నారు. మున్సిపాలిటీ కుదరదంది. దరఖాస్తులో ఆ వీలు లేదు, ఏదో ఒక మతం పెట్టాల్సిందే. ఆ జంట ఏ దేవుడినీ తిట్టలేదు, ఎవరి పూజకూ అడ్డం పోలేదు. తమ బిడ్డ పుట్టుక కాగితం మీద సర్కారు ఒక మతం ముద్ర వేయవద్దని మాత్రమే అడిగారు. అధికారుల చుట్టూ తిరిగి, చివరికి హైకోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో న్యాయమూర్తి కన్నెగంటి లలిత వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. మతాన్ని పాటించే హక్కులోనే ఏ మతమూ వద్దనుకునే హక్కు కూడా ఉందని, దరఖాస్తులో ఆ గడి పెట్టమని అధికారులను ఆదేశించారు. ఒక చిన్న గడి కోసం ఆ భార్యాభర్తలు ఎన్నాళ్లు ఓపిక పట్టారో, చుట్టుపక్కల వాళ్లతో ఎన్ని మాటలు పడ్డారో తీర్పులో ఉండదు. ఆ గడి ఇప్పుడు కురవిలో పుట్టే బిడ్డకు కూడా హక్కే.

కురవి వీరభద్రుడికి రాజుల కాలం కొత్త కాదు. పదో శతాబ్దిలో ముదిగొండ చాళుక్యులు ఇక్కడి నుంచి ఏలినప్పుడు వేయించిన కొరవి శాసనం తెలుగు గద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటి. ఆనాడు రాజు సొమ్ముకూ రాజ్యం సొమ్ముకూ తేడా లేదు. రాజు ఏది ఇచ్చినా తనదే ఇచ్చినట్టు. ఇప్పుడు తేడా ఉంది, ఆ తేడా కోసమే ఈ నేల మీద జనం నిజాంతో, దొరలతో ప్రాణాలకు తెగించి కొట్లాడారు. ముఖ్యమంత్రి సంతకం పెట్టే ప్రతి రూపాయికీ కురవిలో మిర్చి అమ్ముకున్న రైతుకూ, గార్లలో టీ కొట్టు నడిపే ముస్లింకూ, డోర్నకల్ రైల్వే ఉద్యోగికీ లెక్క అడిగే హక్కు ఉంది.

అడగడానికి ఊరందరి ముందూ మైకు పట్టుకోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. సర్వశ్రేయోనిధిలోంచి గడిచిన పదేళ్లలో ఏ గుడికి ఎంత వెళ్లింది, ఎవరి ఉత్తర్వు మీద వెళ్లింది, కురవి గుడి ఎంత వాటా కట్టింది, చుట్టుపక్కల దీపం లేని గుళ్లలో దేనికి ఎంత అందింది అని రాయండి. దరఖాస్తులో ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, మీ మతం చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేయండి, అక్కడా తేలకపోతే సమాచార కమిషన్‌కు వెళ్లండి.